ఒడుపు బహుమతి, గెలిస్తే

గెలిస్తే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచీ నా బుర్రలో ఈగలా తిరుగుతున్నది ఈ ఒక్క మాటే. మా జుట్లు ముడివేసే తొకొజు అన్న దువ్వెనని పళ్ళతో కరుచుకునే ఈ మాట మోసుకొచ్చాడు. దువ్వెన పళ్ళూ ఆయన పళ్ళూ కలిసి మాటని సగం నమిలేసినా మిగతా సగం నాకు చాలింది. కమిటీ కూర్చుందట, లేచిందట, మధ్యలో భోజనం డబ్బాలు ఖాళీ అయ్యాయట. ఈ టోర్నమెంటుకి ఒడుపు బహుమతి హమాగసుమికి అని తేల్చారట. హమాగసుమి అంటే నేనే. వయసు ముప్పై ఏడు, తూకం నూట ముప్పై రెండు, సుమో బరిలోకి దిగి ఇరవై రెండేళ్ళు. వస్తాదుని. ఆ మాటలోనే 'వస్తా' ఉంది గానీ నాకు బహుమతి మాత్రం ఎప్పుడూ రాదు. తేల్చారు సరే, తేల్చినదానికి చివర తోక తగిలించారట. తొకొజు కదా, తోక లేని వార్త ఎలా తెస్తాడు. ఈ రోజు పోటీ గెలిస్తే.

ఆ చివర కూర్చున్న 'తే' ని చూడండి, ఎంత పొట్టిదో, ఎంత గట్టిదో. తే అంటే తెమ్మనడమే కదా. గెలుపు తే, బహుమతి పట్టుకెళ్ళు, తేలేదా, తేలిపో. నూట డెబ్బై, నూట ఎనభై కిలోల మనుషుల్ని ఆపిన ఈ రొమ్ము ఈ ఒక్క అక్షరాన్ని మూడుసార్లు ఆపబోయి మూడుసార్లూ వెల్లకిలా పడింది. మొదటిసారి ఇరవై నాలుగేళ్ళప్పుడు, ఒసాకాలో, పట్టుదల బహుమతి, గెలిస్తే. లేచీ లేవగానే అవతలివాడు పక్కకి తప్పుకొని వీపు మీద ఒక్కటి చరిచాడు, బరిలోని మట్టి నా నోట్లో ఉంది. మొత్తం రెండు సెకన్లు, పట్టుదల చూపించడానికి కాదుగదా దాన్ని పలకడానికి కూడా చాలవు. రెండోసారి ఇరవై తొమ్మిదికి, నగోయా ఎండల్లో, ఒడుపు బహుమతి, గెలిస్తే. అవతలివాడి కాలు ఒడుపుగా అందుకోబోయి నా కాలు నేనే తొక్కుకున్నాను. మూడోసారి ముప్పై మూడుకి, ఫుకువోకాలో, మళ్ళీ ఒడుపే, మళ్ళీ గెలిస్తేనే. ఆ రోజు నాకంటే ముందు నా కుడి మోకాలు ఓడిపోయింది, తర్వాత తీరిగ్గా నేను ఓడిపోయాను. అప్పటినుంచీ మా శిక్షణాలయంలో కుర్రాళ్ళకి నేను హమాగసుమి కాదు, గెలిస్తే అన్న. గెలిస్తే అన్నా చారు పోయమంటారా, గెలిస్తే అన్నా స్నానానికి నీళ్ళు కాగాయి. కోపం తెచ్చుకుందామంటే ఆ పేరు నేనే పెట్టుకున్నాను. ఎవరో పెట్టకముందే మనం పెట్టుకుంటే నొప్పి తక్కువ.

ఇప్పుడు నాలుగు దాటింది. తూర్పువైపు విశ్రాంతి గదిలో గోడకి వీపు ఆనించి చాప మీద కూర్చున్నాను. చుట్టూ కొండల్లా మనుషులు, ఒక్క కొండా మాట్లాడదు. పెద్ద వస్తాదుల చోటు ఆ చివర, నా చోటు ఈ మధ్యలో, తలుపు దగ్గర చోటు నుంచి ఈ మధ్యకి జరగడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది, చాప మీంచి చాప మీదికి, చేపలా జారుతూ వచ్చాను. గదిలో టీవీ మాత్రం సన్నగా గొణుగుతోంది. లోకంలో నా అంత నోరున్నవాడికి ఇంతటి నోరుమూత ఉద్యోగం ఎవరిచ్చారో. బరిలో మాట్లాడకూడదు, బరి పక్కన మాట్లాడకూడదు, గెలిస్తే నవ్వకూడదు, ఓడితే ఏడవకూడదు, విలేఖరి అడిగితే ఊఁ అనాలి, ఇంకా అడిగితే రేపు కూడా బాగా ఆడతాను అనాలి. ఇంట్లో నేను ఆగకుండా మాట్లాడతాను. భోజనాల దగ్గర మాట్లాడతాను. నిద్రలో మాట్లాడతానని మిసావో, అంటే నా భార్య, సాక్ష్యం చెబుతుంది. నిద్రలో కూడా మాటకి మాట అతికిస్తానట. పదిహేనేళ్ళకి చేరిన రోజే మా గురువుగారు నా వాగుడు ఒక పూట విని, వీడికి నడుముకి గోచీ తర్వాత కడదాం, ముందు నోటికి కట్టండి అన్నారు. అప్పటినుంచీ బరిలో నా నోరు గోచీ కట్టుకునే ఉంది. మాటలన్నీ లోపలికి పోయాయి, లోపల జాగా లేక ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. అక్కడ కూడా కుస్తీయే.

ఒంటిగంటన్నరకి మిసావోకి ఫోన్ చేశాను. వినగానే, చేప కొనను, అంది. శుభకార్యానికి తినే ఎర్ర చేప ఒకటుంది, తై అంటారు, బహుమతి వచ్చినవాడు దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకొని ఫొటో దిగాలి. మూడుసార్లూ మిసావో కబురు వినగానే బజారుకెళ్ళి, మోచేతంత పొడుగుది తెచ్చింది, మూడుసార్లూ తైతక్కలాడాల్సిన వాళ్ళం తల దించుకొని, దానికి ఉప్పు రాసి, కాల్చి, ముళ్ళు తీసుకుంటూ తిన్నాం. చేప మొహంలో కూడా జాలి కనిపించేదంటుంది మిసావో. ఈసారి దాని మొహం చూడలేను, గెలిస్తే అప్పుడు చూద్దాం, అంది. నువ్వు కూడా ఆ తే అనేశావు అన్నాను. పద్నాలుగేళ్ళు నీతో ఉన్నదాన్ని, నేను అనక ఎవరంటారు, అంది. అని, ఫోన్ పెట్టేయకుండా, మోకాలికి పట్టీ గట్టిగా చుట్టుకున్నావా, అంది. చుట్టుకున్నాను. నాలుగు చుట్లు. చుట్టానికి కూడా అన్ని మర్యాదలు చెయ్యం.

మోకాలి సంగతి మిసావోకి తెలుసు, డాక్టరుకి తెలుసు, మెట్లకి తెలుసు. ఇంకో ఏడాది ఉండదు. ఉంటే అది కాలు కాదు, కాలయాపన. అంటే ఈ తే నాకు ఆఖరి తే. ఆ మాట ఎవరూ అనలేదు, నేనూ అనలేదు, కానీ తొకొజు అన్న ఈ రోజు జుట్టు ముడివేయడానికి రోజూ కంటే పది నిమిషాలు ఎక్కువ తీసుకున్నాడు. నూనె రాసి, దువ్వి, విప్పి, మళ్ళీ దువ్వి, ముడి అంచుని ఆకులా విప్పార్చి, వెనక్కి వెళ్ళి చూసి, మళ్ళీ ముందుకొచ్చాడు. ఏంటన్నా పెళ్ళిచూపులకా అన్నాను. ఆయన ముక్కుతో నవ్వి, కెమెరా వెనకనుంచి కూడా తీస్తుందిరా, అన్నాడు. అంటే ఆయన లెక్క ప్రకారం నేను ఈ సాయంత్రం బహుమతి అందుకుంటూ తల వంచుతాను, అప్పుడు నడినెత్తి కనిపిస్తుంది. తల మీద అంత ఆశ పెట్టుకున్నాక అది బరువెక్కదా.

కమిటీ ఎలా కూర్చుని ఉంటుందో నాకు కళ్ళకి కట్టినట్టుంది. ఒకవైపు తీర్పరులు, మాజీ వస్తాదులు, ముసలివాళ్ళయినా మెడలు తగ్గనివాళ్ళు. ఇంకోవైపు పత్రికలవాళ్ళు, మెడలు లేకపోయినా అభిప్రాయాలు ఉన్నవాళ్ళు. చివరి రోజు మధ్యాహ్నం, మూడు బహుమతులు తెగ్గొట్టాలి. మహావస్తాదుని పడగొట్టినవాడికి ఘనకార్యం బహుమతి. ఎదురు దెబ్బకి వెనక్కి తగ్గనివాడికి పట్టుదల బహుమతి. ఒంట్లో లేనిది చేతుల్లో చూపించేవాడికి ఒడుపు బహుమతి. పై రెండు మెట్ల దొరలకి ఇవేవీ లేవు, గెలవడం వాళ్ళ డ్యూటీ. మాలాంటి కింది మెట్లవాళ్ళకే, అదీ పదిహేను రోజుల్లో ఎనిమిదైనా గెలిస్తేనే. ఈసారి మహావస్తాదు పడింది లేదు కాబట్టి ఘనకార్యం ఎవరూ చేయలేదని అరనిమిషంలో కొట్టేసి ఉంటారు. నా ఘనకార్యాలన్నీ ఇంట్లోనే అంటుంది మిసావో. పట్టుదల దగ్గర కూడా గొడవ ఉండదు: ఇవాగురుమా, ఇరవై రెండేళ్ళవాడు, పదకొండు గెలిచాడు, వాడికి తే లేదు గీ లేదు, నికరంగా ఇచ్చేశారు. ఇక ఒడుపు. ఒడుపంటే ఈసారి హమాగసుమేనండి అని ఒక పత్రికాయన అని ఉంటాడు. టీ ఊదుకుంటూ ఇంకొకాయన, తొమ్మిదే కదా గెలిచింది అని ఉంటాడు. నిజమే, తొమ్మిదే. ఐదు ఓడాను. కానీ ఆ తొమ్మిదిలో ఒక్కటీ ఊరికే రాలేదు మహాశయా. మూడోరోజు నాకంటే అరవై కిలోలు ఎక్కువున్నవాడి చంక కింద దూరి కాలు లేపాను, వాడు కుండీలో మొక్కలా ఒక్క కాలి మీద నిలబడిపోయాడు. ఏడోరోజు మోకాలు అడ్డం పెట్టి, నడుము మెలిపెట్టి వెనక్కి తిప్పాను, చూసేవాళ్ళు చప్పట్లు కొట్టడం మర్చిపోయారు. పన్నెండోరోజు, పన్నెండోరోజుది నేను ఇప్పటికీ తలుచుకొని మెట్లెక్కుతున్నాను. ఇవన్నీ ఆయన చూశాడు, టీ తాగాడు, కప్పు కింద పెట్టి, సరే అయితే, గెలిస్తే ఇద్దాం, అన్నాడు. అందరూ హమ్మయ్య అనుకొని ఉంటారు. గెలిస్తే అనేది కమిటీకి దిండు లాంటిది, తల వాల్చుకోవచ్చు. నాకది దిండు కాదు, దండన.

తమాషా ఏమిటంటే ఈ రోజు నా పోటీ ఆ ఇవాగురుమాతోనే. రాతిచక్రం అని వాడి పేరుకి అర్థం. పేరులో గురువున్నాడు, వయసులో శిష్యుడు, బరువులో నూట డెబ్బై ఎనిమిది. నిన్న వాడి పోటీ టీవీలో రెండుసార్లు చూశాను. రెండు చేతులూ రొమ్ము మీద పెట్టి తోస్తాడు, అవతలివాడు ఎక్కడో ప్రేక్షకుల ఒళ్ళో కనిపిస్తాడు. వాడితో ఏం చెయ్యాలి. ఒడుపు బహుమతికి ఒడుపుగా గెలవాలి కదా, లేకపోతే మర్యాదగా ఉండదు. లేస్తూనే ఎడమకి ఒరిగి, చెయ్యి లోపలికి పోనిచ్చి, గోచీ అందుకొని, నేల మీదికి లాగేస్తే. లేదంటే కాలు. కాలు వద్దు, నగోయా గుర్తుంది. లేదంటే మెలి. మెలి పెడితే చూడముచ్చటగా ఉంటుంది, కానీ మెలిపెట్టాల్సింది కుడి మోకాలు. మోకాలా, నీకూ నాకూ ఇరవై రెండేళ్ళ స్నేహం, ఈ ఒక్క సాయంత్రం నువ్వు మో అనకు, కాలుగా ఉండు చాలు.

పిలుపొచ్చింది. లేచాను. పూలదారి అంటారు ఈ నడవని, పూలు లేవు, దారి మాత్రం ఉంది. అటుపక్కా ఇటుపక్కా చేతులు చాచి వీపు తట్టేవాళ్ళు, పేరు పిలిచేవాళ్ళు. కోడిమాంసం కాలుస్తున్న వాసన. ఆకలేస్తోంది. ఎంత గొప్ప రోజైనా ఆకలి ఒకటే అడుగుతుంది. బరి పక్కన నా పేరు రాసిన దిండు మీద కాళ్ళు మడుచుకొని కూర్చున్నాను. ఇక రెండు పోటీలు చూస్తూ ఇక్కడే. పదివేలమంది ఉన్నారు, అయినా బరి ఎక్కినవాళ్ళ పాదం మట్టి మీద జారిన చప్పుడు నాకు వినిపిస్తోంది, రొట్టె మీద వెన్న రాసినట్టు. పదిహేనేళ్ళప్పుడు మొదటిసారి ఈ చప్పుడు విన్నాను. ఉత్తరాన చేపల రేవు నుంచి వచ్చాను, తూకంలో నాలుగు కిలోలు తక్కువ, పరీక్ష రోజు పొద్దున్న కుళాయి దగ్గర వంగి నీళ్ళు తాగాను, తాగాను, తాగాను, ముక్కులోంచి వచ్చేదాకా తాగి కాటా ఎక్కాను, తూచేవాళ్ళకి నా పొట్టలో గుడగుడలు వినిపించాయి. ముల్లు సరిగ్గా చోటు చేరింది. అందులో నాలుగు కిలోలు నేను కాదు, మునిసిపాలిటీ. గురువుగారు నన్ను పైనుంచి కిందికి చూసి, ఒళ్ళు లేదు, చేతులు నేర్చుకో, అన్నారు. ఒళ్ళున్నవాళ్ళు ఒక పట్టు నేర్చుకుంటే చాలు, నేను ఇరవై నేర్చుకోవాల్సొచ్చింది. నేర్చుకున్నాను. ఒక్కో ఎత్తు వెయ్యిసార్లు పడి నేర్చుకున్నాను, వీపుకి తెలుసు. ఇప్పుడెవరో ఒక కాగితం మీద, అవును, వీడు చేతులు నేర్చుకున్నాడు, అని రాసిస్తే, నాకు ఇంకేం అక్కర్లేదు. నిజంగా ఇంకేం అక్కర్లేదు. ఇది పైకి అనలేను, అంటే గురువుగారికి ఏడుపొస్తుంది, ఆయన ఏడిస్తే మా చారు రుచి పాడవుతుంది.

నా పేరు పిలిచారు. పిలిచేవాడు విసనకర్ర విప్పి, హమా-గసు-మీ అని సాగదీశాడు, అంత పొడుగు పేరుకి ఇంత పొట్టి మనిషా అన్నట్టు. బరి ఎక్కాను. బలం రావాలని ఇచ్చే నీళ్ళు, బలం నీళ్ళంటారు, ఒక్క పుక్కిలి. ఉప్పు పిడికిట్లోకి తీసుకొని చల్లాను. ఎదురుగా ఇవాగురుమా, బుగ్గలు ఇంకా పసిబిడ్డవి, మెడ మాత్రం స్తంభానిది. వంగాం, చూసుకున్నాం, లేచాం, మళ్ళీ ఉప్పు. నాలుగు నిమిషాలు ఇలా పోవాలి. వాడి ఎడమ కన్ను పక్కన చిన్న గీత. ఎక్కడో గీసుకున్నాడు. గడ్డం గీసుకోవడం ఇంకా కొత్త. ఎడమకి ఒరగాలి. చెయ్యి లోపలికి. మెలి వద్దు. టైమైందన్నారు. పదివేలమంది ఒక్క గొంతయ్యారు. వంగాను. పిడికిళ్ళు నేలకి. మట్టి చల్లగా ఉంది.

ఎడమకి ఒరగలేదు. ఒరిగే లోపలే వాడొచ్చాడు. గోడ నడిచొచ్చినట్టు, రొమ్ము మీద రెండు అరచేతులు, నేను వేసుకొచ్చిన ప్లానులన్నీ వీపులోంచి బయటికి పోయాయి, పాదాలు వెనక్కి, వెనక్కి, ఎలాగో వాడి చేతిని పక్కకి కొట్టాను, అతుక్కున్నాను, వాడు నా గోచీ దొరకబుచ్చుకున్నాడు, రెండు చేతులా, లాగుతున్నాడు, లేపుతున్నాడు, వంకాయరంగు పట్టుగుడ్డ నడుము మీద కిర్రుమంటోంది, ఒక మడత వదులైంది, మడమకి గడ్డితాడు తగిలింది. బరి అంచు. ఇంక వెనక్కి జాగా లేదు. వేళ్ళ మీద నిలబడ్డాను. పొట్ట మీద పొట్ట, చెవి మీద చెవి. ఇంకో వేలెడు తోస్తే అయిపోయింది. ఇంకో వేలెడు. ఆగాను. ఎలా ఆగానో తెలియదు, ఎవరో వీపు వెనక ఉన్నట్టు ఆగాను. అప్పుడు వాడి ఒళ్ళు ఒక్కసారి, ఏమో, గాలి తీసిన తిత్తిలా మెత్తబడింది. మరుక్షణం ఇద్దరం కలిసి కింద పడ్డాం, ముందువరస మీద, ఎవరి కాలు ఎవరిదో.

రెఫరీ విసనకర్ర నా వైపు చూపింది. వెంటనే బరి పక్కనున్న నల్లకోటు తీర్పరుల్లో ఒకాయన చెయ్యెత్తాడు. ఐదుగురూ బరి ఎక్కి మధ్యలో గుమిగూడారు. వీళ్ళలో ముగ్గురు మధ్యాహ్నం కమిటీలో ఉన్నవాళ్ళే. తే పెట్టినవాళ్ళే ఇప్పుడు ఆ తే తెగుతుందో లేదో చూస్తున్నారు. నేను కింద నిలబడ్డాను, వదులైన మడత చేత్తో పట్టుకొని. ఏడవకూడదు, నవ్వకూడదు, పైకి చూడకూడదు. పెద్ద తీర్పరి మైకు తీసుకున్నాడు. ఇవాగురుమా గెలిచినట్టు రెఫరీ చూపగా అన్నాడు, ఆగాడు, కాదు హమాగసుమి గెలిచినట్టు చూపగా అన్నాడు, హాలంతా గొల్లుమంది, నా గుండె రెండుసార్లు కిందికీ పైకీ వెళ్ళొచ్చింది. అనుమానం వచ్చి చర్చించగా, ఇద్దరూ పడకముందే ఇవాగురుమా కుడి అడుగు బరి దాటినట్టు తేలింది, కాబట్టి గెలుపు హమాగసుమిది. గెలిచాను. గెలిస్తే కాదు, గెలిచాను. లోపల ఎవరో గిన్నెలన్నీ ఒకేసారి కింద పడేసినంత చప్పుడు. తర్వాత లౌడ్‌స్పీకరు గెలిచిన విధానం చెప్పింది: ఆవేశపు అడుగు. హాలు మళ్ళీ నవ్వింది, ఈసారి ఆప్యాయంగా.

ఎందుకు నవ్వారంటే, గెలిచే పట్లు మొత్తం ఎనభై రెండు, వాటిలో ఇది లేదు. అవతలివాడు తనంతట తానే అంచు దాటితే దాన్ని విడిగా రాస్తారు, పట్టు కాని గెలుపని. అంటే ఒడుపు బహుమతిని, ఏ ఒడుపూ లేకుండా, అడగని అడుగు వల్ల గెలిచాను. నడవలో నడుస్తుంటే ఒళ్ళంతా తేలిగ్గా ఉంది, ఒక్క చోట తప్ప. ఇరవై రెండేళ్ళు నేర్చుకున్న చేతులు, ఆ చివరి క్షణంలో ఏమీ చేయలేదు. గదిలో తొకొజు అన్న చెదిరిన ముడి విప్పి మళ్ళీ వేశాడు. పత్రికలవాళ్ళు మూగారు. ఏ ఎత్తు అనుకొని దిగారని అడిగారు. ఊఁ అన్నాను. మిసావోకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. బజార్లో ఉంటే చప్పుళ్ళకి వినిపించదు దానికి.

మహావస్తాదు ఆఖరి పోటీ అయింది, కప్పు ఇవ్వడం అయింది. మమ్మల్ని నడవ చివర వరుసలో నిలబెట్టారు. వరుస అంటే ఇద్దరమే, ఘనకార్యం లేదు కదా. నా వెనక ఇవాగురుమా. తల వంచి నమస్కరించాడు, వాడి ఒళ్ళు ఇంకా వేడిగా ఉంది.

"అన్నా, ఒకటి అడగనా."

"అడుగు. ఈ రోజు నీ అడుగు వల్లే బతికాను."

వాడు పెదవి కొరుక్కున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అంచు మీద అన్నారే, ఆ మాట ముందే అనుకొని వచ్చారా, అప్పటికప్పుడు తట్టిందా."

నేనేమీ అనలేదన్నాను. నిజంగానే అన్నాను, బరిలో నా నోరు ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా తెరుచుకోలేదని నాకు నమ్మకం.

"అన్నారన్నా. నా చెవిలోనే అన్నారు. నేను గోచీ పట్టుకొని లాగుతున్నానా, మీరు మెల్లిగా, 'పట్టు నీదే నాయనా, కానీ ఆ పట్టు నాది' అన్నారు."

నాకు చెవుల దగ్గర్నుంచి పాదాల దాకా చల్లబడింది.

"నవ్వొచ్చిందన్నా. నవ్వొస్తే పొట్ట వదులైపోయింది, పొట్ట వదులైతే కాలు ఎక్కడుందో మర్చిపోయాను."

ఇరవై రెండేళ్ళు కట్టిన గోచీ సరిగ్గా ఆ నిమిషంలో ఊడింది, నడుముది కాదు, నోటిది. బరిలో మాట్లాడటం. ఎవరైనా విన్నారా. రెఫరీ విని ఉంటే. గురువుగారు విని ఉంటే. నేను వెళ్ళి పెద్దలకి చెప్పేస్తానన్నాను, ఇది న్యాయం కాదు, ఈ బహుమతి నేను తీసుకోలేను. వాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు నాకు బాగా పరిచయం.

"ఏమని చెప్తారన్నా. నవ్వు నాది, కాలు నాది. బరిలో నవ్వానని తెలిస్తే మా గురువుగారు నన్ను ఆరునెలలు చీపురు పట్టిస్తారు. నేను వినలేదు, మీరు అనలేదు. అయినా ఎనభై రెండు పట్లు ఒక్కొక్కటీ నేర్చుకున్నాను, అన్నిటికీ విరుగుడు తెలుసు. దానికి లేదు. అది ఒడుపు కాకపోతే ఇంకేది ఒడుపు."

అప్పుడే తెర తీశారు. కదలండి అన్నారు. బరి ఎక్కి పక్కపక్కన నిలబడ్డాం, మొహాలు రాళ్ళలా పెట్టుకొని. పెద్దాయన ఒకరు కాగితం విప్పి, గొంతు సవరించుకొని, పెళ్ళిమంత్రం చదివినంత గంభీరంగా మొదలుపెట్టారు: ఈ టోర్నమెంటులో మీరు కనబరచిన అసాధారణమైన పట్టు. అక్కడిదాకా బాగానే ఉంది. పట్టు అన్నమాట వినగానే నా పక్కన నూట డెబ్బై ఎనిమిది కిలోలు సన్నగా కంపించాయి. నేను చూడలేదు. చూస్తే చచ్చాను. చూడకపోయినా తెలుస్తుంది, మట్టిలోంచి నా అరికాళ్ళకి వాడి పొట్ట కదలిక అందుతోంది. ఆ కదలిక నా మోకాలెక్కింది, నాలుగు చుట్ల పట్టీ దాటింది, పొట్టకి చేరింది. పెదవులు బిగించాను. పళ్ళు బిగించాను. పెద్దాయన చదువుతున్నారు, ఇరవై రెండేళ్ళ అకుంఠిత సాధన, చేతుల నేర్పు, భావితరాలకి ఆదర్శం. పదివేలమంది ఎదుట రెండు పెద్ద పొట్టలు జెల్లీలా ఊగుతున్నాయి. ముందువరసలో ఒక ముసలమ్మ రుమాలు తీసి, పక్కావిడతో మాకు వినిపించేంత గట్టిగా, పాపం, చూడండి, ఆనందం పట్టలేక ఏడుస్తున్నారు బిడ్డలు, అంది. చుట్టుపక్కలవాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు. అవి వెనక్కి, పైకి, మూడో అంతస్తు దాకా పాకాయి. ఏడుపు కాదమ్మా, నవ్వు, పొట్ట చెక్కలయ్యే నవ్వు, అని ఆమెకి చెప్పాలనిపించింది. రెండు చేతులూ చాచి కాగితం అందుకున్నాను. హమాగసుమి, ఒడుపు, అని నల్లటి సిరాతో రాసి ఉంది, చివర ఏ తోకా లేకుండా. కళ్ళలోంచి నీళ్ళు బయల్దేరాయి. బయల్దేరినప్పుడు అవి నవ్వుకే పుట్టాయి, ఒట్టు. గడ్డం దాకా వచ్చేసరికి ఆ ముసలమ్మ చెప్పిందే నిజమైంది.